మ్యూజియం తలుపు తెరిచారు, లేబుల్ ఎవరు రాస్తున్నారు?

(హైదరాబాద్‌లో విద్యార్థుల స్టడీ సర్కిల్ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మ్యూజియాల మీద మాట్లాడమని మిత్రులు అడిగినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది మ్యూజియం కాదు, కోట. 1934లో బాబాసాహెబ్ ముప్పై మంది దాకా సహచరులతో ఎల్లోరా గుహలు చూడడానికి బయల్దేరారు. దారిలో దౌలతాబాద్ కోట. అప్పటికి అది నిజాం రాజ్యంలో ఉంది. ప్రయాణంలో ఒళ్ళంతా దుమ్ము కొట్టుకుపోయింది. కోట దగ్గర నిండుగా నీళ్ళున్న చిన్న కొలను కనిపిస్తే కొందరు ముఖాలు, కాళ్ళు కడుక్కున్నారు. రంజాన్ నెల అది. ఒక ముసలాయన నీళ్ళు మైలపడిపోయాయని అరుస్తూ వెంటపడ్డాడు. జనం పోగయ్యారు, తిట్లు, గొడవ. చివరికి కోట చూడనిచ్చారు గానీ, లోపల ఎక్కడా నీళ్ళు ముట్టుకోకూడదని షరతు పెట్టారు. ముట్టుకోకుండా చూడడానికి ఆయుధం పట్టిన ఒక సిపాయిని వెంట పంపారు.

‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో బాబాసాహెబ్ ఈ సంగతి ఎందుకు రాశారో మీకు తెలుసు. హిందువుకు అంటరానివాడు ఇతర మతాలవాళ్ళకూ అంటరానివాడిగానే మిగిలాడని చూపడానికి రాశారు. నేను మాత్రం కొన్నాళ్ళుగా దాన్ని ఇంకో రకంగా కూడా చదువుతున్నాను, ఒక చారిత్రక కట్టడం చూడడానికి వచ్చిన సందర్శకుడి అనుభవంగా. ఆయన్ని ఆపలేదు. లోపలికి వెళ్ళారు, కోట చూశారు. పక్కన సిపాయి నడుస్తూనే ఉన్నాడు.

పదహారేళ్ళ తర్వాత రాజ్యాంగం అమల్లోకి వచ్చింది. 15వ అధికరణం రెండో క్లాజు మీలో చాలామందికి కంఠతా వచ్చే ఉంటుంది. దుకాణాలు, హోటళ్ళు, వినోద స్థలాలు, బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు. ఆ వరసలో చివరిగా, పూర్తిగా గానీ కొంత గానీ ప్రభుత్వ సొమ్ముతో నడిచే, ప్రజలు వచ్చిపోయే స్థలాలు. ఆ చివరి మాట చదివినప్పుడల్లా నాకు దౌలతాబాద్ కొలనే కనిపిస్తుంది. మహద్ చెరువు మనందరికీ తెలుసు, ఈ కొలను గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ప్రభుత్వ సొమ్ముతో నడిచే స్థలం అంటే మ్యూజియం కూడా అందులోకి వస్తుంది. కాబట్టి తలుపు విషయంలో వాదన ముగిసింది. టికెట్ కొన్నవాడి కులం ఎవరూ అడగరు. నేను ఢిల్లీలో నేషనల్ మ్యూజియం చూడడానికి వెళ్ళినప్పుడు టికెట్ 20 రూపాయలు. హాస్టల్ కుర్రాడికి అది పెద్ద భారం కాదు.

తలుపు దాటాక ఏం జరుగుతుందన్నదే నా ప్రశ్న. లోపల ఉన్న వస్తువు ఎవరిదని చెబుతున్నారు, ఎవరు చెబుతున్నారు, ఆ చెప్పే కుర్చీలో కూర్చునేది ఎవరు?

మొదట ఈ సంస్థలు ఎలా నడుస్తాయో కొంచెం చూద్దాం. విసుగనిపిస్తుంది, కానీ కుర్చీలన్నీ అక్కడే ఉన్నాయి. మ్యూజియం అనే మాట రాజ్యాంగంలో వేరే చోట ఉంది. ఏడో షెడ్యూలు, కేంద్ర జాబితా, 62వ అంశం. కలకత్తా ఇండియన్ మ్యూజియం, విక్టోరియా మెమోరియల్ లాంటి కొన్ని సంస్థల్ని పేర్లతో సహా రాసి, వాటితోపాటు జాతీయ ప్రాముఖ్యం గలవిగా పార్లమెంటు చట్టం చేసి ప్రకటించే ఇతర సంస్థలు కేంద్రం పరిధిలోవని చెప్పారు. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియం 1961 చట్టంతో ఆ కోవలో చేరింది, అలహాబాద్ మ్యూజియం 1985లో చేరింది. ఇవన్నీ ఇవాళ కేంద్ర సాంస్కృతిక శాఖ కింద స్వయంప్రతిపత్తి సంస్థలు. డబ్బు కేంద్రానిది, నడిపేది బోర్డు. బోర్డుకు అధ్యక్షుడు గవర్నర్. కలకత్తాలో రెండింటికీ బెంగాల్ గవర్నర్, అలహాబాద్‌కు ఉత్తరప్రదేశ్ గవర్నర్, మన దగ్గర తెలంగాణ గవర్నర్.

నేషనల్ మ్యూజియం పద్ధతి వేరు. 1949 ఆగస్టు 15న రాష్ట్రపతి భవన్‌లో మొదలై, 1960లో జన్‌పథ్ భవనంలోకి మారింది. దానికి అలాంటి బోర్డు లేదు, నేరుగా శాఖకు అనుబంధ కార్యాలయం. డైరెక్టర్ జనరల్ కుర్చీలో చాలాసార్లు ఐఏఎస్ అధికారులే కూర్చున్నారు. ఇక నాగార్జునకొండ, అమరావతి లాంటి స్థల మ్యూజియాలు పురావస్తు శాఖవి, అంటే ఏఎస్‌ఐవి. అదీ సాంస్కృతిక శాఖ కిందిదే.

స్వయంప్రతిపత్తి అన్న మాట వినగానే మనవాళ్ళు సంతోషపడతారు, ఢిల్లీ పెత్తనం తగ్గిందనుకుంటారు. నాకు అంత సంతోషం లేదు. సాలార్‌జంగ్ బోర్డు సంగతే చూడండి. గవర్నర్, ఉస్మానియా వైస్ ఛాన్సలర్, నగర మేయర్ లాంటి పదవులవాళ్ళు ఉంటారు, కేంద్రం నామినేట్ చేసేవాళ్ళు ఉంటారు, సాలార్‌జంగ్ కుటుంబానికి కూడా చోటుంది. అది నేను తప్పుపట్టను. సొత్తు వాళ్ళ ఇంటినుంచి వచ్చింది, మూడో సాలార్‌జంగ్ 1949లో చనిపోయాక వారసులు ఒప్పుకోబట్టే అది ప్రజలదైంది. 1951 డిసెంబరులో నెహ్రూ వచ్చి దివాన్ దేవ్‌డీలో మ్యూజియం తెరిచారు, 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనంలోకి తెచ్చారు.

ఆ సొత్తు వాళ్ళ ఇంటికి ఎలా వచ్చిందో కూడా అడగాలి కదా.

మీరంతా ఆ సంగీత గడియారం చూసే ఉంటారు. గంట కొట్టే సమయానికి జనం బెంచీల మీద కిక్కిరిసిపోతారు. పిల్లల్ని భుజాలమీద ఎక్కించుకుంటారు. చిన్న బొమ్మ తలుపు తీసుకుని వచ్చి గంట కొట్టి లోపలికి పోతుంది. పన్నెండు గంటలకు వెళ్తే పన్నెండు దెబ్బలు వినొచ్చని అందరూ ఆ వేళకే చేరతారు. నాకూ ఇష్టమే, అబద్ధం ఎందుకు. ముసుగు వేసుకున్న రెబెకా ముందు కూడా అంతసేపూ నిలబడ్డాను. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన ఆ పాలరాతి బొమ్మని మొదటి సాలార్‌జంగ్ 1876లో యూరప్ వెళ్ళినప్పుడు కొన్నాడు. రాయి మీద పల్చని ముసుగు ఎలా చెక్కారో గైడ్లు విడమరిచి చెబుతారు. కొన్న డబ్బు ఎక్కడిదో ఎవరూ చెప్పరు. జాగీరు శిస్తు అది. హైదరాబాద్ రాజ్యంలో శిస్తు అంటే దున్నినవాడు కట్టింది, జాగీర్లలో, దేశ్‌ముఖుల కింద వెట్టి అంటే ముఖ్యంగా మాల మాదిగలు, చాకలి, మంగలి లాంటి సేవా కులాలు చేసింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. రెండేళ్ళకు మ్యూజియం తెరిచారు. ఈ రెండు తేదీలూ పక్కపక్కనే ఉన్నాయి. గడియారం పక్కన దాన్ని అమ్మిన కలకత్తా కంపెనీ పేరు చెప్పగలిగినప్పుడు, అది కొనడానికి పన్ను కట్టిన ఊళ్ళ సంగతి ఒక బోర్డు మీద రాయలేమా? రాస్తే సాలార్‌జంగ్ గొప్పదనం తగ్గుతుందని నేను అనుకోను. ఆ బెంచీల మీద కూర్చున్నవాళ్ళలో సగం మంది ఆ ఊళ్ళవాళ్ళే. ఇచ్చిన కుటుంబానికి బోర్డులో చోటున్నట్టు, కట్టిన ఊళ్ళకు కనీసం గోడమీద చోటుండాలని మాత్రమే నా వాదన.

మా అమ్మ సంగతి ఒకటి చెబుతాను. నాకు మొదటి ఫెలోషిప్ డబ్బులు వచ్చినప్పుడు ఆమెను ఒక పెద్ద మ్యూజియానికి తీసుకెళ్ళాను. ఏ ఊళ్ళోదో చెప్పను, ఈ దేశంలో చాలావాటిలో ఇలాగే జరుగుతుంది. మాది మాచర్ల వైపు. మాదిగవాడ. అమ్మ జీవితమంతా మిరప చేలల్లో కూలి చేసింది. హాలు గడప దగ్గరకు రాగానే ఆమె చెప్పులు విడిచి చేత్తో పట్టుకుంది. నేను గమనించేలోపే కాపలా మనిషి ‘చెప్పులేసుకోమ్మా, ఇది గుడి కాదు’ అని నవ్వాడు. మంచివాడే. కానీ అమ్మ చెప్పులు విడిచింది గుడి అనుకుని కాదు. మా ఊళ్ళో గుడిలోకి ఆమె ఎప్పుడు వెళ్ళింది కనుక! పెద్దోళ్ళ ఇల్లు అనుకుంది. ఆ తర్వాత కాళ్ళు లాగి గోడవార నేల మీద కూర్చుంటే ఇంకో మనిషి వచ్చి లేపాడు. కూర్చోవడానికి ఆ హాల్లో బల్ల ఒక్కటి కూడా లేదు. లేబుళ్ళు ఇంగ్లీషులో, హిందీలో ఉన్నాయి. నేను చదివి చెబుతుంటే కాసేపు విని అడిగింది, ‘ఇయన్నీ ఎవరియిరా?’ రాజుల పేర్లు చెప్పాను. ‘ఆళ్ళు చేయించుకున్నోళ్ళు. చేసినోళ్ళ పేర్లు రాయలేదా?’ అంది.

మ్యూజియాలజీలో మాకు చెప్పిన పాఠాలన్నిటికన్నా ఆ ప్రశ్న నన్ను ఎక్కువ కాలం వెంటాడింది. ఎందుకంటే దానికి సమాధానం ఉంది. చాలా చోట్ల వాళ్ళే తమ పేర్లు రాసుకున్నారు. చదివి చెప్పడం మానేసింది మనం.

అమరావతి స్థూపం గురించి మీకు తెలుసు. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి కాలంలో కట్టడాల కోసం అక్కడి రాళ్ళు తీశారు. కాలిన్ మెకెంజీ వచ్చి బొమ్మలు గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వి రాళ్ళను మద్రాసు పంపాడు, అందులో చాలా భాగం 1859లో ఓడెక్కి లండన్ చేరింది. ఇవాళ బ్రిటిష్ మ్యూజియంలో వాటికి ప్రత్యేకమైన గ్యాలరీ ఉంది. మద్రాసు ఎగ్మోర్ మ్యూజియంలో కొన్ని, అమరావతిలో ఏఎస్‌ఐ మ్యూజియంలో కొన్ని, ఢిల్లీ, కలకత్తాల్లో కొన్ని. ఆ రాళ్ళ వెనక్కి తేవాలా అనే చర్చ మన టీవీల్లో అప్పుడప్పుడూ వేడెక్కుతుంది. నాకు దానిమీద ఉత్సాహం తక్కువ. తెచ్చి ఏ లేబుల్ కింద పెడతారన్నది తేలకుండా లండన్ గోడ నుంచి ఢిల్లీ గోడకు మారితే మనకు ఒరిగేదేమిటి?

ఆ రాళ్ళమీద దాతల శాసనాలున్నాయి. బ్రాహ్మీ లిపి, ప్రాకృత భాష. భిక్షుణులు, వర్తకులు, గృహస్థుల భార్యలు, కూతుళ్ళు. అందులో ఒక పూర్ణఘటం పలక ఉంది. నీళ్ళు, తామరలతో నిండిన కుండ. ఆ బొమ్మను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ చిహ్నంలో కూడా మీరు చూసి ఉంటారు. ఆ పలకను దానం చేసినవాడి పేరు విధికుడు. అతను చమ్మకారుడు. చర్మకారుడన్నమాట, తోళ్ళపని చేసేవాడు. తండ్రి పేరు నాగుడు, ఉపాధ్యాయుడు. తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్ళు, చుట్టాలు అందరితో కలిసి ఇచ్చానని రాయించుకున్నాడు.

ఇంకోసారి వినండి. తోళ్ళపని చేసేవాడు, అతని తండ్రి ఉపాధ్యాయుడు. ఇది సుమారు పద్దెనిమిది వందల ఏళ్ళ కిందటి మాట. కృష్ణ ఒడ్డున, మా ఊరికి ఒక పూట ప్రయాణంలో.

ఈ ఒక్క శాసనంతో ఆనాడు కులం లేదని నేను తీర్మానం చెయ్యను. చరిత్ర విభాగం మిత్రులు వెంటనే చెయ్యెత్తుతారు, ఎత్తాలి కూడా. ఉపాధ్యాయుడు అంటే బౌద్ధ సంఘంలో ఒక హోదానా, వృత్తినా అనేది చర్చించాల్సిన విషయం. కానీ ఆ చర్చ మొదలవ్వాలంటే ముందు ఆ పేరు తెలియాలి కదా! బీఏలో, ఎంఏలో అమరావతి కళాశైలి గురించి నేను మూడుసార్లు పరీక్ష రాశాను. సన్నని నడుములు, పాలనాపు సున్నపురాయి, శాతవాహన రాజుల పోషణ, అన్నీ రాశాను. విధికుడి పేరు నాకు ఒక పాత శాసనాల సంపుటిలో, అది కూడా ఇంకేదో వెతుకుతుంటే దొరికింది. నేను చూసిన మ్యూజియాల్లో దాతల శాసనం ఉన్న పలకలకు సాధారణంగా ఉండే లేబుల్ ఇలా ఉంటుంది. వస్తువు పేరు, రాయి, ఊరు, శతాబ్దం, రాజవంశం. అయిదు ముక్కలు. రాజవంశానికి చోటుంది, దానం చేసిన మనిషికి లేదు. రాయి మీద అక్షరాల్లో మనిషి పేరు ఉంటుంది, కింద కాగితం మీద ఆయనతో ఏ సంబంధమూ లేని రాజు పేరు ఉంటుంది. కలకత్తాలో భర్హుత్ కంచె మీదా ఇలాగే దాతల పేర్లు బారులు తీరి ఉంటాయి. ఆ గ్యాలరీలో ఒక పూటంతా గడిపాను. జనం జాతక కథల బొమ్మలు వెతుక్కుంటారు, అక్షరాల మీద ఎవరి చూపూ ఆగదు. వాళ్ళ తప్పు కాదు, చదివి చెప్పేవాళ్ళు లేరు.

నాగార్జునకొండ సంగతికి వస్తే నాకు కొంచెం గొంతు మారుతుంది, క్షమించాలి. సాగర్ ఆనకట్ట కింద లోయ మునిగిపోతుందని తెలిసి 1954 నుంచి 1960 దాకా అక్కడ పెద్దఎత్తున తవ్వకాలు చేశారు. డాక్టర్ ఆర్. సుబ్రహ్మణ్యం నడిపించారు. గడువు నీళ్ళ రూపంలో వస్తుంటే అంత పెద్ద లోయను తవ్వి, కొలిచి, కట్టడాలను ఊడదీసి కొండమీదా, అనుపులోనూ తిరిగి నిలబెట్టారు. మన పురావస్తు శాఖ చేసిన గొప్ప పనుల్లో అదొకటి, ఆ గౌరవం దానికి ఇవ్వాలి. ఆ తవ్వకాల్లో మా తాత పలుగూ పారా పట్టాడు, నాయనమ్మ తట్ట మోసింది. పూస గానీ నాణెం గానీ దొరికితే మేస్త్రీ చేతిలో పెట్టాలి, నలగ్గొడితే కూలి కోత అని తాత చెప్పేవాడట. నేను పుట్టేసరికి ఆయన లేడు. ఇప్పుడు ఆ కొండ దీవి అయ్యింది. విజయపురి సౌత్ నుంచి లాంచీలో వెళ్ళాలి, లాంచీ టికెట్ మ్యూజియం టికెట్ కన్నా చాలా ఎక్కువ. లోయలో ఊళ్ళు ఖాళీ చేసినవాళ్ళ మనవలు తమ ఊరి వస్తువులు చూడాలంటే తమ ఊరి మీదుగానే డబ్బిచ్చి పడవలో పోవాలి.

లోపల లేబుళ్ళ మీద ఇక్ష్వాకు రాజులు ఉంటారు. ఇక్కడ ఒక మెచ్చుకోలు కూడా చెప్పాలి. మహాచైత్యానికి దానమిచ్చిన చాంతిసిరి లాంటి రాజకుటుంబ స్త్రీల పేర్లు నాగార్జునకొండ చరిత్రలో బాగానే వినిపిస్తాయి. అంటే దాత పేరు చెప్పడం చేతకాని పని కాదు. దాత రాణి అయితే చెబుతున్నాం. తవ్వినవాళ్ళ పేర్లు మస్టర్ రోళ్ళలో ఉండి ఉండాలి, ఎక్కడో ఒక బీరువాలో. తవ్వకాల ఫోటోల్లో తట్టలు మోస్తున్న ఆడవాళ్ళు కొలబద్దల్లాగా నిలబడి ఉంటారు, కట్టడం ఎంత ఎత్తుందో తెలియడానికి.

ఇప్పుడు శాఖల విషయానికి వస్తాను. ఇది చిన్న సంగతిలాగా కనిపిస్తుంది, నాకు మాత్రం అన్నిటికన్నా పెద్దది. ఢిల్లీలో గాంధీ హత్య జరిగిన బిర్లా హౌస్, ఇప్పుడు గాంధీ స్మృతి, సాంస్కృతిక శాఖ కిందిది. నెహ్రూ ఉన్న తీన్‌మూర్తి భవనం, ఇప్పుడు ప్రధానమంత్రుల మ్యూజియం, అదీ సాంస్కృతిక శాఖ కిందిదే. 26 అలీపూర్ రోడ్, బాబాసాహెబ్ 1956 డిసెంబరు 6న కన్నుమూసిన చోటు, 2018 ఏప్రిల్ 13న తెరిచిన జాతీయ స్మారకం, ఏ శాఖ కిందిది? సామాజిక న్యాయ, సాధికారత శాఖ. జన్‌పథ్‌లోని అంబేడ్కర్ అంతర్జాతీయ కేంద్రం? అదీ ఆ శాఖదే. హాస్టళ్ళు, స్కాలర్‌షిప్పులు చూసే శాఖ. ఆ శాఖ మీద నాకు గౌరవం ఉంది, ఈ హాల్లో సగం మందిమి దాని స్కాలర్‌షిప్పు మీదే చదివాం. కానీ ఈ విభజనకు అర్థమేమిటి? గాంధీ, నెహ్రూ ఈ దేశ సంస్కృతి, అంబేడ్కర్ ఒక వర్గం సంక్షేమం. ఎవరూ కూర్చుని ఇలా రాసి ఉండరు. ఫైళ్ళు అలా నడిచాయి. ఫైళ్ళు నడిచే దారిలోనే కులం తనంతట తాను కూర్చుంటుందని మనకు ఒకరు చెప్పనక్కర్లేదు.

అలీపూర్ రోడ్ స్మారకం బాగుంటుంది, తెరిచిన పుస్తకం ఆకారంలో కట్టారు, వెళ్ళండి. దాన్ని వేరే శాఖకు మార్చెయ్యాలని నేను తొందరపడి అనను. సాంస్కృతిక శాఖ చేతికి వెళ్తే అక్కడ ఏ అంబేడ్కర్ మిగులుతాడో అన్న భయం కూడా నాకుంది. ఈ రెండు మాటలూ ఒకేసారి నా నోట వస్తున్నాయని నాకు తెలుసు. నేను అడిగేది వేరు. జన్‌పథ్‌లో నేషనల్ మ్యూజియం గ్యాలరీల్లో ఆధునిక భారతంలో కులం మీద పోరాటానికి ఒక గది ఎందుకు ఉండకూడదు? ఫూలే దంపతులు, అయ్యంకాళి, భాగ్యరెడ్డి వర్మ, మహద్, పూనా ఒప్పందం, 1956 నాగపూర్. ఇవి సంక్షేమం కాదు కదా, చరిత్ర కదా.

నేషనల్ మ్యూజియంలో కపిలవస్తు ధాతువుల గదిలో నేను చాలాసేపు నిలబడ్డాను. పిప్రహ్వా తవ్వకాల్లో దొరికిన బుద్ధుడి అస్థికలు అవి, థాయిలాండ్ ఇచ్చిన బంగారు పూత మండపంలో ఉంచారు. విదేశీ యాత్రికులు మోకాళ్ళ మీద కూర్చుని ప్రార్థిస్తారు. అదే పిప్రహ్వాలో 1898లో పెప్పే అనే ఎస్టేటు యజమాని తవ్వి తీసిన రత్నాల్లో కొన్ని అతని కుటుంబం దగ్గరే ఉండిపోయాయి. 2025 మే నెలలో వాటిని హాంకాంగ్‌లో సదబీస్ వేలానికి పెట్టింది. మన ప్రభుత్వం అభ్యంతరం చెప్పాక వేలం ఆగింది, జూలైలో గోద్రెజ్ గ్రూపు భాగస్వామ్యంతో అవి తిరిగొచ్చాయి. మంచిదే. ప్రభుత్వానికీ, కార్పొరేటుకూ, వేలం సంస్థకూ మధ్య జరిగిన ఆ మాటల్లో 1956 అక్టోబరు 14 తర్వాతి బౌద్ధులు, ఈ దేశ బౌద్ధుల్లో అత్యధికులు, ఏ కుర్చీలో కూర్చున్నారు? బోధ్‌గయ ఆలయ కమిటీలో 1949 చట్టం ప్రకారం నలుగురు బౌద్ధులు, నలుగురు హిందువులు, అధ్యక్షుడిగా కలెక్టరు ఉన్నారని మనం పోట్లాడుతున్నాం. ఇక్కడైతే పోట్లాడడానికి ఆ నాలుగు కుర్చీలు కూడా లేవు.

పనివాళ్ళ సంగతి తొందరగా చెబుతాను, ఎందుకంటే మీకు తెలిసిందే. ఏ మ్యూజియంలోనైనా మన మనుషుల్ని వెతకాలంటే క్యురేటర్ గదికి వెళ్ళక్కర్లేదు. తుడుస్తున్నవాళ్ళను, తోట పనివాళ్ళను పలకరించండి. ఏజెన్సీ మనుషులు. ఏజెన్సీ ద్వారా వచ్చే పనికి రిజర్వేషన్ వర్తించదు. క్యురేటర్ పోస్టుకు వర్తిస్తుంది, కానీ ఆ పోస్టులు ఏళ్ళకేళ్ళు ఖాళీగా ఉంటాయి. మ్యూజియాలజీ నేర్పే విశ్వవిద్యాలయాలు మన దేశంలో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. బరోడాలో 1952లో మొదలైంది, ఢిల్లీలో 1989లో నేషనల్ మ్యూజియం ఇన్‌స్టిట్యూట్ వచ్చింది. నేను చేరినప్పుడు తరగతిలో మా అమ్మలాంటి అమ్మ ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే.

లోపలి గోడౌన్ల స్థితి కూడా ఇదే దారి. నేషనల్ మ్యూజియంలో రెండు లక్షలకు పైగా వస్తువులుంటే, జనానికి కనిపించేది అందులో కొద్ది భాగం. 2013లో కాగ్ మన కట్టడాలు, పురావస్తువుల మీద ఇచ్చిన నివేదికలో 92 కట్టడాలు కనిపించడం లేదని రాసింది. పేపర్లన్నీ ఆ వార్తే వేశాయి. అదే నివేదికలో మ్యూజియాల వస్తువుల లెక్కల గురించీ, తనిఖీ లేకపోవడం గురించీ రాసిన పేజీలు ఎవరూ చదవలేదు. 2016 ఏప్రిల్ 26న ఢిల్లీలో నేషనల్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీ తగలబడిపోయింది. అది పర్యావరణ శాఖ మ్యూజియం, అద్దె భవనంలో ఉండేది. సర్కారు బడి పిల్లలకు జంతువుల గురించి నేర్పిన చోటు ఒక్క రాత్రిలో బూడిదైంది.

ఇప్పుడు ఈ మాటలన్నీ ఎందుకంటే, నేషనల్ మ్యూజియాన్ని నార్త్ బ్లాక్, సౌత్ బ్లాక్‌లలోకి మార్చి ‘యుగే యుగీన్ భారత్’ పేరుతో కొత్తగా పెట్టబోతున్నారు. 2023లో ప్రకటించారు, ఫ్రాన్స్ సంస్థలు సాయం చేస్తున్నాయి. ప్రపంచంలో పెద్ద మ్యూజియాల్లో ఒకటవుతుందంటున్నారు. పేరు చూస్తేనే ఏ కథ చెబుతారో కొంత అర్థమవుతుంది. అయినా ఇది మనకు అవకాశం కూడా. లక్షల వస్తువులు కదులుతాయి, గోడలు కొత్తగా లేస్తాయి, లేబుళ్ళన్నీ కొత్తగా రాస్తారు. ఒకసారి రాశాక ఇంకో అరవై ఏళ్ళు అవే ఉంటాయి. జన్‌పథ్‌లో 1960లో అనుకున్న వరస, హరప్పా, మౌర్యులు, గుప్తులు, ఇవాళ్టికీ మన పాఠ్యపుస్తకాల్లో ఉంది.

భోపాల్‌లో మానవ్ సంగ్రహాలయ్ అని ఒక జాతీయ మ్యూజియం ఉంది. రెండు వందల ఎకరాల గుట్ట. అక్కడ ఆదివాసీ ఇళ్ళను ఆ సమాజాల మనుషులే వచ్చి తమ చేతులతో కట్టారు. దాని మీదా నాకు విమర్శలున్నాయి, బతికున్న మనుషుల్ని గతంలోకి నెట్టేస్తుందని. కానీ ఎవరి ఇల్లు వాళ్ళే కట్టారన్న ఒక్క విషయం చాలు, వేరే పద్ధతి సాధ్యమే అని చెప్పడానికి. లేబుల్ విషయంలో కూడా అది సాధ్యమే.

కాబట్టి ఇవాళ మనం చెయ్యగలిగిన పని ఒకటి ప్రతిపాదిస్తాను. వచ్చే ఆదివారం సాలార్‌జంగ్ వెళ్దాం. శుక్రవారం సెలవు, గుర్తుంచుకోండి. గడియారం చూడండి, కాదనను. తర్వాత ఇద్దరిద్దరు చొప్పున ఒక్కో గ్యాలరీ తీసుకుని, అక్కడ లేబుల్ మీద ఏముందో, ఏ భాషలో ఉందో, చేసినవాళ్ళ గురించి ఒక్క మాటైనా ఉందో లేదో నోటుబుక్కులో రాయండి. కూర్చోవడానికి బల్లలు ఎన్ని ఉన్నాయో కూడా లెక్కపెట్టండి, మా అమ్మ కోసం. న్యాయశాస్త్రం చదువుతున్నవాళ్ళు సమాచార హక్కు కింద మూడు ప్రశ్నలు పంపండి. గత పదేళ్ళలో ఈ జాతీయ మ్యూజియాల బోర్డుల్లోకి నామినేట్ అయిన ఎస్సీ, ఎస్టీ సభ్యులు ఎంతమంది? క్యురేటర్ పోస్టుల్లో రోస్టర్ ప్రకారం బ్యాక్‌లాగ్ ఎంత? ఏజెన్సీల ద్వారా పని చేస్తున్నవాళ్ళు ఎంతమంది? ఈ సంస్థల వార్షిక నివేదికలు పార్లమెంటు ముందు పెడతారు, వాటినీ తెచ్చుకుందాం. ప్రాకృతం చదవగలిగిన మిత్రులు ఇక్కడ ఇద్దరున్నారని తెలిసింది. వాళ్ళకు నా విన్నపం, అమరావతి దాతల శాసనాలను తెలుగులో, ఒక్కో పేరుకు ఒక్కో వాక్యం చొప్పున రాసిపెట్టండి. మొదటి వాక్యం విధికుడితో మొదలుపెట్టండి. ఆదివారం పొద్దున పది గంటలకు గేటు దగ్గర కలుద్దాం.

జై భీమ్.